తుప్పు పుట్టుచోటు

విశాఖపట్టణమున సముద్రమునకు చేరువగా తిరుగు మోటారుసైకిలును, అదే యేట కొన్న హైదరాబాదు బండిని ప్రక్కప్రక్కన నిలిపినచో, నంబరు పలక చూడకయే ఏది ఏ ఊరిదో తరచుగా చెప్పవచ్చును. తీరవాసి బండికి స్పోకుల మొదళ్లయందును, మడ్‌గార్డు అంచు లోపలికి మడతపడిన చోటను, సైలెన్సరు అడుగు అతుకునందును ఎఱ్ఱని పొక్కులు ముందుగా లేచును.

ఉప్పు తనంతట తాను ఇనుమును తినదు. ఇనుము, నీరు, ప్రాణవాయువు కూడినచోటనే తుప్పు జనించును. ఉప్పు మాత్రము గాలిలోని తేమను లాగి లోహముపై కంటికానని పొరగా నిలిపి, ఆ పొరను మంచి విద్యుద్వాహకముగా మార్చి, ఆ క్షయమును త్వరపెట్టును. తళతళలాడు క్రోమియము పూతయందును సూక్ష్మమైన పగుళ్లుండును. వానిగుండా దిగిన లవణజలము క్రిందనున్న నికెలు పొరను దాటి ఉక్కును చేరినచో, పైమెఱుగు చెడకముందే లోపల గుల్లయగును.

కావున బండి కడుగుటయందు మట్టి పోవుటకంటె లవణము పోవుట ముఖ్యము. అంతకంటెను ముఖ్యము తడి పోవుట. ఇంజను చల్లారిన పిదప, నీడపట్టున నిలిపి, గుడ్డ తాకింపకముందే మంచినీటిని ధారాళముగా పోసి ఇసుకను జారనిచ్చి, ఆపై వాహనములకని అమ్ము షాంపూతో పైనుండి క్రిందికి మెల్లగా రుద్దవలయును. బట్టల సబ్బుపొడి పనికిరాదు. సర్వీసింగు దుకాణములలో ప్రెషరు గొట్టమును చక్రపు ఇరుసునకు గుఱిపెట్టి కొట్టుట చూచుటకు ముచ్చటగనే యుండును గాని, ఆ ధార బేరింగులలోని గ్రీజును వెడలగొట్టి నీటిని లోన నిలుపగలదు. కడిగిన బండిపై తడియారకయే ప్లాస్టిక్ కవరు కప్పుటకంటె అసలు కడుగకుండుటయే మేలని నా యభిప్రాయము. పాత నూలుగుడ్డతో బోల్టుల చుట్టును ఒత్తి తుడిచి, రెండు మూడు వీధులు తిరిగివచ్చినచో, చేతికందని తడియు పోవును, బ్రేకులును ఆరును. దసరా ఆయుధపూజకు తడిపి పెట్టిన పసుపు కుంకుమలను మరునాడైనను తుడిచివేయుట అపచారము కానేరదు.

చైనును కిరసనాయిలులో ముంచిన మెత్తని బ్రష్షుతో శుభ్రపఱచి, పొడిగా తుడిచి, లోపలి అంచు వెంబడి నూనె వేయవలయును. తిరుగునపుడు అది తానే వెలుపలికి ప్రాకును. ఒక్క చుక్కయు బ్రేకు డిస్కుపై పడరాదు.

సైలెన్సరు సంగతి వేఱు. లీటరు పెట్రోలు మండినచో రమారమి లీటరు నీరు ఆవిరిరూపమున పుట్టుననిన నమ్మశక్యముగా నుండదు. దూరప్రయాణమున గొట్టము బాగుగా కాగి ఆ యావిరి వెలికి పోవును. వీధి చివర పాలకేంద్రము వఱకు మాత్రమే పోయివచ్చు బండిలో అది చల్లని గొట్టమునందే నీరై నిలిచి లోపలినుండి తినును. అట్టి బండిని వెలుపల ఎంత తోమినను ఫలము లేదు. అప్పుడప్పుడు అరగంటసేపు నడిపింపవలయును.

ఇదివఱకే లేచిన పొక్కుపై నేరుగా రంగు పూయుట వ్యర్థము. ఉప్పుకాగితముతో తెల్లని ఇనుము కనబడువఱకు గీకి, వెంటనే జింకు ప్రైమరు పూసి, అది ఆరిన పిదప రంగు వేయవలయును. పైరంగు గీచుకొనిపోయినను ఇనుముకంటె ముందుగా జింకే క్షయించును.