‘అబ్లివియస్’ పదం: మరపు నుంచి ఎరుకలేమి వరకు - తెలుగు అనువాదంలో అర్థనిర్ణయం

వ్యాససంగ్రహం: ఎరుకలేమిని తెలిపే ఆంగ్లపదాలలో ‘అబ్లివియస్’ ఒకటి. దీనిని ‘అజ్ఞాని’ అని అనువదిస్తే, మూలంలో లేని నింద ఆ వ్యక్తిపై పడుతుంది. ఈ పదం వ్యుత్పత్తిని, అర్థపరిణామాన్ని పరిశీలించి, సందర్భానుసారంగా తెలుగు సమానార్థకాలను నిర్ణయించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: అర్థపరిణామం, అనువాదం, మరపు, ఏమరుపాటు, అజ్ఞానం.

1. వ్యుత్పత్తి - అర్థపరిణామం

‘అబ్లివియస్’ లాటిన్ నుంచి ఆంగ్లంలోకి వచ్చిన విశేషణం. దీని మూలక్రియకు ‘మరచిపోవు’ అని అర్థం. అందువల్ల ఆంగ్లంలో తొలుత ఇది ‘మరపు గల’, ‘మరపు కలిగించే’ అనే రెండు అర్థాలలోనూ వాడుకలో ఉండేది. షేక్‌స్పియర్ ‘మాక్బెత్’ నాటకం ఐదవ అంకంలో, మనోవేదనను మరిపించే ఔషధానికి ఇది విశేషణంగా కనిపిస్తుంది. ‘పట్టించుకోని’, ‘గమనించని’ అనే అర్థం ఆ తరువాత స్థిరపడింది. ఈ మార్పును ఫౌలర్ తన 1926 నాటి ఆంగ్లవాడుక నిఘంటువులో ఆక్షేపించాడు. ఆయన దృష్టిలో ఈ పదం పూర్వం తెలిసి ఇప్పుడు మరచిన స్థితినే చెప్పాలి. దీని తరువాత ‘ఆఫ్’ రావాలి గాని ‘టు’ రాకూడదు. వాడుక ఆ కట్టుబాటును అంగీకరించలేదు. నేడు కొత్త అర్థమే ప్రధానం. ‘ఆఫ్’, ‘టు’ రెండూ ప్రయోగంలో ఉన్నాయి. అయితే నామరూపమైన ‘అబ్లివియన్’ విస్మృతి అనే పాత అర్థాన్ని ఇప్పటికీ నిలుపుకొంది.

2. ‘ఇగ్నోరెంట్’తో భేదం

‘ఇగ్నోరెంట్’ నిర్మాణం వేరు. ఇందులో నిషేధార్థక పూర్వపదం, ‘తెలియు’ అనే అర్థం గల ధాతువు ఉన్నాయి. ఆ ధాతువు సంస్కృత ‘జ్ఞా’ ధాతువుకు సజాతీయం. కాబట్టి ‘ఇగ్నోరెన్స్’కు ‘అజ్ఞానం’ అర్థంలోనే కాక నిర్మాణంలోనూ దగ్గరి పదం. ‘అబ్లివియస్’ జ్ఞానం లేకపోవడాన్ని కాక, ధ్యాస లేకపోవడాన్ని చెబుతుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకొని పట్టాలు దాటుతున్న వ్యక్తికి ఆ మార్గంలో రైళ్లు నడుస్తాయని తెలుసు. ఆ క్షణంలో రైలు రాకపై ధ్యాస లేదు. అతడిని ‘అజ్ఞాని’ అనడం అర్థదోషమే కాదు, అన్యాయం కూడా.

3. తెలుగు సమానార్థకాలు

మరపుకూ ఎరుకలేమికీ ఉన్న ఈ సంబంధం తెలుగుకు కొత్త కాదు. ‘ఆదమరచు’, ‘మైమరచు’, ‘ఒళ్లు మరచు’ అనే పలుకుబళ్లు జ్ఞాపకశక్తి లోపాన్ని చెప్పవు. ధ్యాస మరొకచోట లీనమైన స్థితిని చెబుతాయి. ‘ఏమరు’ క్రియకు మరచు, అజాగ్రత్తగా ఉండు అనే రెండర్థాలూ ఉన్నాయి. ‘ప్రమాదం’ సంస్కృతంలో ఏమరుపాటు. తెలుగులో దాని ఫలితమైన ఆపదను సూచించే పదంగా మారింది. ‘అప్రమత్తత’లో మాత్రం పాత అర్థమే నిలిచింది.

అనువాదంలో మూడు సందర్భాలను వేరుచేయవచ్చు.

అ) తన్మయత్వం: పుస్తకపఠనంలో మునిగిన వ్యక్తి విషయంలో ‘పరిసరాలను మరచి’, ‘మైమరచి’ అనేవి తగినవి. ఇక్కడ నింద లేదు.

ఆ) అజాగ్రత్త: పట్టాలు దాటే వ్యక్తి విషయంలో ‘ఏమరుపాటున’, ‘ఆదమరచి’ అనాలి. ఇక్కడ బాధ్యత ధ్వనిస్తుంది.

ఇ) అసలే తెలియకపోవడం: తనపై జరుగుతున్న కుట్రను గుర్తించని రాజు దానిని మరచిపోలేదు. కనుక ‘మరచు’ పొసగదు. ‘పసిగట్టలేక’, ‘ఎరుగక’ అనేవే సరైనవి.

4. ముగింపు

‘అబ్లివియస్’కు ఒకే తెలుగుపదాన్ని నిర్దేశించే నిఘంటువు అనువాదకునికి పూర్తిగా తోడ్పడదు. ఆ వ్యక్తికి విషయం ముందే తెలుసా, ధ్యాస ఎక్కడ ఉంది, రచయిత తప్పు పడుతున్నాడా అనే మూడు ప్రశ్నలకు సమాధానం దొరికిన తరువాతే పదాన్ని ఎంచుకోవాలి. తెలియకపోవడం, మరచిపోవడం, గమనించకపోవడం ఒకటి కావు. ఈ మూడింటికీ తెలుగులో వేర్వేరు మాటలు ఉన్నందున, అన్నిటినీ ‘అజ్ఞానం’ కిందికి చేర్చవలసిన అవసరం లేదు.