ఏకై వచ్చి మేకై కూర్చుంది!

ఆ రోజు ఉదయం పదకొండు గంటలకు మా ఆయన విశాఖపట్నం నుంచి ఫోన్ చేశారు. మామూలుగా ఆ టైమ్‌లో డ్యూటీలో ఉంటారు. ‘‘నా ఫోన్‌కి ఏదో మెసేజ్ వచ్చింది. నువ్వు డబ్బులు ఎగ్గొట్టావట. నీ ఫొటో కూడా పెట్టారు. ఏం జరుగుతోంది?’’ అన్నారు. గొంతులో కోపం కంటే కంగారే ఎక్కువగా ఉంది. నాకు కాళ్ల కింద భూమి కదిలినట్టయింది. నాలుగు నెలలుగా ఇంట్లో ఎవరికీ తెలియకుండా దాచిందంతా ఆ ఒక్క మెసేజ్‌తో బయటపడిపోయింది.

మాది పొందూరు. శ్రీకాకుళం జిల్లాలో సన్ననూలు ఖాదీకి పేరున్న ఊరు. మా అత్త నలభై ఏళ్లుగా రాట్నం తిప్పుతోంది. నేను పెళ్లయి వచ్చాక ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా చేరాను. జీతం తక్కువే, కానీ ప్రతి నెలా వచ్చేది. ‘ఇంత పేరున్న బట్ట ఇంటి పక్కనే ఉంటే ఈ చిన్న జీతం కోసం గొంతు చించుకోవడం ఎందుకు?’ అనిపించింది. ఫోన్‌లో చీరల ఫొటోలు పెట్టి అమ్ముతున్నవాళ్లను చూసి, నేనూ మొదలుపెట్టాను. మొదటి నెలలో ఆరు చీరలు అమ్ముడయ్యాయి. అంతే, రెండో నెలలో ఉద్యోగం మానేశాను.

ఆరు చీరలు చూసి రాజీనామా

ఇది నా మొదటి తప్పు. ఆ ఆరుగురిలో నలుగురు నా స్నేహితురాళ్లు, ఒకరు మా పిన్ని. తెలిసినవాళ్లు అభిమానంతో కొన్నదాన్ని నేను వ్యాపారం అనుకున్నాను. కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు. సాయంత్రం పూట అమ్ముకుంటూ ఏడాది పాటు ఉద్యోగం చేసి ఉంటే, ఈ కథ రాసే అవసరమే ఉండేది కాదు.

పండగ ముందు ఒక్కసారిగా 22 ఆర్డర్లు వచ్చాయి. చీర 5,500 రూపాయలు. ఒక్కొక్కరి దగ్గర 2 వేలు అడ్వాన్సు తీసుకున్నాను. మొత్తం 44 వేలు నా ఖాతాలో పడ్డాయి. అంత డబ్బు ఒకేసారి నా పేరు మీద చూడటం అదే మొదలు. అందులోంచే బాబు స్కూలు ఫీజు 15 వేలు కట్టేశాను. ఫొటోలు బాగా రావాలని 12 వేలు పెట్టి ఫోన్ కొన్నాను. అడ్వాన్సు అంటే బట్ట ఇచ్చేదాకా అవతలివాళ్ల డబ్బే. నేను దాన్ని సంపాదన అనుకున్నాను.

అత్తను ఒక్క మాట అడగలేదు

తీరా చూస్తే కొనేవాళ్లు అడిగిన రంగులు, అంచులు అమ్మకాల డిపోలో లేవు. నేయించి ఇవ్వడానికి ఎన్ని రోజులు పడుతుందో తెలుసుకోకుండానే ‘‘ఇరవై రోజుల్లో పంపిస్తా’’ అని అందరికీ మాట ఇచ్చేశాను. తర్వాత అత్తను అడిగితే నవ్వింది.

‘‘ఏటమ్మా, నూలు సెట్టుకి కాస్తాదనుకున్నావేటి? సన్ననూలైతే ఒక్క సీరకే నాకు పదిహేను రోజుల పైమాట. తరవాత మగ్గం ఎక్కాల.’’

పొందూరు ఖాదీ గొప్పదనమంతా ఆ ఆలస్యంలోనే ఉంది. ఈ చుట్టుపక్కల పండే కొండపత్తి, పునాస పత్తి తెస్తారు. వాలుగ చేప దవడ ఎముకకు ఉండే సన్నటి పళ్లతో గింజ మీది పత్తిని దువ్వి శుభ్రం చేస్తారు. గింజలు తీసి, ఏకి, ఏకులు చేసి, మెత్తదనం పోకుండా ఎండిన అరటి డొప్పలో పెట్టుకుంటారు. ఒకే కదురు ఉన్న రాట్నం మీద వంద కౌంటు దాకా వడుకుతారు. 1949లో ఇక్కడ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడక ముందు నుంచీ, గాంధీగారు ఈ బట్టను మెచ్చుకున్న రోజుల నుంచీ పని ఇదే తీరు. రోజూ కళ్ల ముందు జరుగుతున్న పనిని నేను ఒక్కరోజూ కూర్చుని చూడలేదు. అమ్మే సరుకు ఎలా తయారవుతుందో తెలియకుండా గడువు చెప్పడం నా రెండో తప్పు.

ఏకులాగే వచ్చింది

అప్పుడే వేరే ఊరి వ్యాపారి ఒకాయన తగిలాడు. ‘‘అచ్చం పొందూరు రకమే, చీర 2,600’’ అన్నాడు. తొమ్మిది చీరలు తీసుకుంటే 23,400 రూపాయలు. నా దగ్గర మిగిలింది 17 వేలు. ఫోన్‌లో ఒక లోన్ యాప్ ప్రకటన కనిపించింది. ఐదు నిమిషాల్లో అప్పు, కాగితాలు అక్కర్లేదు. ఆధార్ ఫొటో పెట్టాను, అడిగిన అనుమతులన్నిటికీ ‘సరే’ అని నొక్కాను. నా ఫోన్‌లోని నంబర్లన్నీ వాళ్లకు ఇస్తున్నానని అప్పుడు తెలియలేదు.

పది వేలు అప్పు అన్నారు. ఫీజుల పేరుతో కోసుకుని చేతికి ఇచ్చింది 7 వేలు. వారంలో పది వేలూ కట్టాలి. మన ఊళ్లలో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే సరే అంటాం, ఐదు రూపాయలంటే భయపడతాం. ఇది ఆ లెక్కన నూటికి నెలకు 180 రూపాయలకు పైనే! ఈ లెక్క నేను అప్పు తీసుకున్న రోజున వేయలేదు. లెక్కల టీచర్‌ని కూడా.

వారం తిరిగేసరికి కట్టలేక రెండో యాప్, దానికోసం మూడోది, నాలుగోది. చేతికి వచ్చింది 33 వేల లోపు. కట్టింది 51 వేలు. అయినా ఇంకా 26 వేలు బాకీ అన్నారు. ‘ఏకై వచ్చి మేకై కూర్చోవడం’ అని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఏకులు చేసే ఇంట్లో ఉండి కూడా ఆ మాట అర్థం నాకు అప్పుడే తెలిసింది.

ఆ చీర ఖాదీ కాదు

ఇంతలో హైదరాబాద్ నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. తిట్టలేదు. ‘‘అమ్మాయ్, నూలు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకే మందంలో ఉంది. చేత్తో వడికిన నూలు ఇలా ఉండదు. ఖాదీ మార్క్ కూడా లేదు. నువ్వు పొందూరు దానివేనా?’’ అన్నారు.

చీర తీసుకెళ్లి అత్త చేతిలో పెట్టాను. వేళ్లతో ఒకసారి రాసి, ‘‘మిల్లు నూలమ్మా ఇది’’ అంది. మగ్గం మీద నేసిందే, కాబట్టి చేనేత. కానీ నూలు చేత్తో వడికితేనే ఖాదీ. ఖాదీ మార్క్ లేనిదాన్ని ఖాదీ అని అమ్మకూడదని నిబంధనే ఉంది. ఆ వ్యాపారి మోసం చేశాడని అనొచ్చు. కానీ ఇంట్లోనే ఉన్న అత్తకు చూపించకుండా ‘పొందూరు ఖాదీ’ అని రాసి పంపింది నేను. డబ్బు తప్పుల కంటే ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. రోజంతా కూర్చుని రెండు చిలపలు వడికే మనిషి పేరును నేను అమ్ముకున్నాను.

చెప్పాక తేలికపడింది

మా ఆయనకు మెసేజ్ వచ్చిన రోజు రాత్రి ఇద్దరి ముందూ కూర్చుని మొత్తం చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. అత్తే ముందు నోరు విప్పింది. ‘‘దారం తెగిందని రాట్నం ఆపేస్తామేటి? అతికి మల్లా తిప్పుతాం. కాగితం తే, ఎవలెవలికి ఎంతో రాయి.’’

రాశాం. మర్నాడే 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేశాం. స్క్రీన్‌షాట్లు, కట్టిన రసీదులు అన్నీ పోలీస్ స్టేషన్‌లో ఇచ్చాం. బంధువులకు మేమే ముందుగా చెప్పేశాం. అందరికీ తెలిశాక ఆ యాప్‌ల వాళ్ల బెదిరింపుల్లో పస పోయింది. నెమ్మదిగా ఫోన్లు తగ్గాయి.

తర్వాత తొమ్మిది మందికీ నేనే ఫోన్ చేసి నిజం చెప్పాను. ఆరుగురు చీర వెనక్కి పంపారు, డబ్బంతా తిరిగిచ్చాను. ముగ్గురు చేనేత ధరకు ఉంచుకుంటామంటే 2,500 చొప్పున తిరిగిచ్చాను. మిగిలిన పదమూడు మందిలో ఎనిమిది మంది అడ్వాన్సు వెనక్కి తీసుకున్నారు. ఐదుగురు మాత్రం ‘‘పర్లేదు, అసలుదే వచ్చేదాకా ఆగుతాం’’ అన్నారు. ఫోన్ చేసి చెప్పిన ఆ పెద్దావిడ తన డబ్బు వెనక్కి తీసుకుని, మళ్లీ ఆర్డర్ ఇచ్చారు. మొత్తం 56,500 రూపాయలు ఇవ్వాల్సి వచ్చింది. నా గాజులు బ్యాంకులో పెట్టి 60 వేలు తీసుకున్నాం. నెలనెలా కడుతున్నాను. ఇంకా 28 వేలు ఉంది.

ఇప్పుడు పగలు స్కూలు, సాయంత్రం చీరలు. నెలకు నాలుగైదుకు మించి ఒప్పుకోను. ఆదివారం అత్త పక్కన కూర్చుని రాట్నం నేర్చుకుంటున్నాను. నా నూలు ఇంకా నిమిషానికోసారి తెగుతూనే ఉంది.

నేను నేర్చుకున్నవి

* పక్క పని నిలదొక్కుకునేదాకా జీతం వదలొద్దు. వదిలే ముందు ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి.

* వ్యాపారానికీ ఇంటికీ వేర్వేరు ఖాతాలు పెట్టుకోండి. సరుకు చేరేదాకా అడ్వాన్సు ముట్టుకోవద్దు.

* గడువు చెప్పే ముందు ఆ పని చేసే మనిషిని అడగండి.

* అప్పు ఇచ్చేది ఏ బ్యాంకో, ఏ ఫైనాన్స్ సంస్థో చూడండి. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం, ఫీజులతో కలిపి ఏడాదికి అసలు వడ్డీ ఎంత పడుతుందో ముందే చూపించాలి. ఫోన్‌లోని నంబర్లు, ఫొటోలు అడిగే యాప్ అయితే అక్కడితో ఆపేయండి.

* ఎవరైనా బెదిరిస్తే మళ్లీ డబ్బు కట్టకుండా 1930కి ఫోన్ చేయండి. మనసు మరీ కుంగిపోతే 14416 టెలీ మానస్ ఉంది.

* అన్నిటికంటే ముందు ఇంట్లో చెప్పండి. నేను నాలుగు నెలలు భయపడిన ఆ మాట చెప్పడానికి పట్టింది ఒక్క గంట. మొదటి వారమే చెప్పి ఉంటే 3 వేల నష్టంతో పోయేది.