కిడ్నీ మార్పిడి తర్వాత ఫంగస్: అపోహలు – వాస్తవాలు

2021 మే నెల నుంచి తెలుగునాట ఫంగస్ అనగానే అందరి నోటా వచ్చేది ఒకటే పేరు, బ్లాక్ ఫంగస్. ఆ నెలలోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాని చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ఆ రోగుల కోసం నోడల్ కేంద్రమైంది. కోవిడ్ తగ్గాక ఆ భయమూ తగ్గింది. కిడ్నీయో లివరో మార్పిడి చేయించుకున్నవాళ్లకు మాత్రం ఫంగస్ ముప్పు కోవిడ్‌కు ముందూ ఉంది, ఇప్పుడూ ఉంది.

కోనసీమలోని తాటిపాక లాంటి ఊరికి ఇది మరీ పట్టించుకోవాల్సిన సంగతి. ఆపరేషన్ విశాఖలోనో, విజయవాడలోనో, హైదరాబాద్‌లోనో జరుగుతుంది. దగ్గూ జ్వరమూ వచ్చేది ఇంటి దగ్గర. అప్పుడు ముందుగా చూసేది మార్పిడి చేసిన డాక్టరు కాదు. వీధి చివర ఆర్‌ఎంపీ, లేదంటే సెంటర్లో మందుల షాపు. అపోహలు ప్రాణం మీదికి తెచ్చేది సరిగ్గా ఇక్కడే.

“ఫంగస్ అంటే ముక్కు దగ్గర నల్లగా కనబడేదే” అనుకుంటారు చాలామంది. ఆ నలుపు ఫంగస్‌ది కాదు. మ్యూకర్ జాతి ఫంగస్ రక్తనాళాల్లోకి చొరబడి వాటిని మూసేస్తే, రక్తం అందక చచ్చిపోయిన కండ నల్లబడుతుంది. పైగా మార్పిడి రోగులకు వచ్చేవాటిలో అది ఒకటి మాత్రమే. అమెరికాలో 2001–2006 మధ్య 23 కేంద్రాల్లో సాగిన ట్రాన్స్‌నెట్ అధ్యయనంలో, అవయవ మార్పిడి రోగుల్లో లోపలికి పాకిన ఫంగస్ ఇన్‌ఫెక్షన్లలో సగానికి పైగా, 53 శాతం, కాండిడా వల్ల వచ్చినవే. ఆస్పర్‌జిల్లస్ 19 శాతం, క్రిప్టోకాకస్ 8 శాతం, మ్యూకర్ 2 శాతం. మన దేశంలో మ్యూకర్ వాటా ఇంతకంటే ఎక్కువ. అందుకు పెద్ద కారణం షుగర్. మార్పిడి తర్వాత కొత్త అవయవాన్ని ఒళ్లు తిరస్కరించకుండా (రిజెక్షన్ రాకుండా) వాడే స్టెరాయిడ్, టాక్రోలిమస్ రెండూ షుగర్ పెంచేవే. అంతకుముందు షుగర్ లేనివాళ్లకు కూడా ఆపరేషన్ తర్వాత కొత్తగా రావచ్చు.

“ఇల్లు అద్దంలా ఉంచితే ఏమీ రాదు.” పాపం, ఇంటివాళ్లు ఎంతో కష్టపడి తుడుస్తారు. కానీ కాండిడా బయటినుంచే రానక్కర్లేదు, మన నోట్లోనూ పేగుల్లోనూ ఎప్పుడూ ఉంటుంది. యాంటీబయాటిక్స్ ఎక్కువ రోజులు వాడితే దాన్ని అదుపులో ఉంచే బాక్టీరియా చచ్చి, అది విజృంభిస్తుంది. ఆస్పర్‌జిల్లస్ బీజాలైతే గాలిలో అంతటా ఉంటాయి. ముక్కిన గడ్డిలో, కుళ్లిన కొబ్బరి డొక్కల్లో మరీ ఎక్కువ. గడ్డిమేటు లాగడం, పీచు దుమ్ములో పని చేయడం, 2022 జూలై నాటి గోదావరి వరదలాంటిది వచ్చి వెళ్లాక ఇంట్లో బురద ఎత్తడం — ఈ పనులు ఇంట్లో ఇంకెవరైనా చేయాలి. కాలికి ముల్లు గుచ్చుకున్న చోట నెలల తర్వాత నొప్పి లేని గడ్డ లేచినా అది ఫంగస్ కావచ్చు. కోసి తీసేసి ఊరుకోకుండా ఆ ముక్కను పరీక్షకు పంపాలి.

కంచం వేరు, మంచం వేరు చేయడం మాత్రం అనవసరం. మ్యూకర్, ఆస్పర్‌జిల్లస్ మనిషి నుంచి మనిషికి అంటుకోవు. 2009లో జపాన్‌లో తొలిసారి గుర్తించిన కాండిడా ఆరిస్ ఆసుపత్రుల్లో ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది; అది ఐసీయూ జాగ్రత్తలకు సంబంధించిన విషయం.

“జ్వరం లేదుగా, ఇన్‌ఫెక్షన్ కాదులే.” స్టెరాయిడ్ వాడుతున్న ఒంట్లో జ్వరం రాకుండానే జబ్బు ముదరగలదు. క్రిప్టోకాకస్ మెదడు పొరలకు చేరితే వారాల తరబడి తలనొప్పి ఒక్కటే ఉండొచ్చు. తలనొప్పి బిళ్లతో నెట్టుకొస్తే విలువైన రోజులు పోతాయి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది “దగ్గు, ఎక్స్‌రేలో మచ్చ ఉంటే టీబీయే” అనే నమ్మకం. టీబీ మన దగ్గర ఎక్కువే, మార్పిడి రోగులకూ వస్తుంది. అనుమానించడం తప్పు కాదు. నిర్ధారించకుండా మందు మొదలుపెట్టడమే తప్పు. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్, రక్తంలో టాక్రోలిమస్ స్థాయిని బాగా పడగొట్టేస్తుంది. కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించే ప్రమాదం వస్తుంది. జబ్బు నిజానికి ఆస్పర్‌జిల్లస్ అయితే, దానికి వాడే వొరికొనజోల్‌ను కూడా రిఫాంపిసిన్ పని చేయనివ్వదు. వొరికొనజోల్‌ది దీనికి పూర్తిగా ఎదురు: అది టాక్రోలిమస్‌ను రక్తంలో పెంచేస్తుంది. అందుకే దాన్ని మొదలుపెట్టేటప్పుడు టాక్రోలిమస్‌ను సుమారు మూడో వంతుకు తగ్గించి, పొద్దుటి బిళ్ల వేసుకోకముందే రక్తం తీసి దాని స్థాయి చూస్తారు. షాపులో అడిగి తెచ్చుకునే ఫ్లూకొనజోల్ బిళ్లకూ కొంత ఇదే గుణం ఉంది. కోనసీమ పెరళ్లలో కాసే పంపరపనసకూ ఉంది. ఆ పండు తిన్న కిడ్నీ మార్పిడి రోగికి టాక్రోలిమస్ పెరిగిపోయిన కేసు 2003లో వైద్య పత్రికకెక్కింది. తొనలు ఒలిచి ఆప్యాయంగా చేతిలో పెట్టే చుట్టాలకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి.

“యాంటీబయాటిక్ పడితే ఫంగస్ కూడా పోతుంది” అన్నదీ నిజం కాదు. యాంటీబయాటిక్స్ చంపేది బాక్టీరియాని. ఒక్క మినహాయింపుంది. న్యుమోసిస్టిస్ అనే ఊపిరితిత్తుల ఫంగస్‌కు సెప్ట్రాన్ పని చేస్తుంది. ఆపరేషన్ తర్వాత నెలల తరబడి ఆ బిళ్ల రాసేది అందుకే. “ఇన్‌ఫెక్షన్ ఏమీ లేదు కదా” అని సొంతంగా మానేయకూడదు.

ఏడాది దాటితే గండం గడిచినట్టేననీ అనుకుంటారు. ముప్పు తగ్గేమాట నిజమే, పోదు. క్రిప్టోకాకస్ ఎక్కువగా ఆలస్యంగానే వస్తుంది. మధ్యలో రిజెక్షన్‌కు గట్టి మందులు వాడాల్సి వస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

మార్పిడి ఎక్కడ, ఎలా చేయించుకున్నారన్నదీ ముఖ్యమే. మన దేశంలో అవయవాల అమ్మకాన్ని నిషేధించిన చట్టం 1994లోనే వచ్చింది. అయినా “డబ్బిస్తే దొరుకుతుంది, అంతా ఒకటే” అని చెప్పే దళారులు ఉన్నారు. విదేశాలకు వెళ్లి కొనుక్కున్న మార్పిళ్ల తర్వాత ఫంగస్ సోకిన 17 మంది వివరాలు 2010లో ప్రచురితమయ్యాయి. వారిలో 10 మంది చనిపోయారు.

చివరిగా, “ఫంగస్ మందు కిడ్నీని తినేస్తుంది, వద్దు” అనే భయం. మామూలు యాంఫోటెరిసిన్ కిడ్నీని దెబ్బతీసే మాట వాస్తవమే. కొవ్వు పొరలో పొదిగిన లైపోసోమల్ రకం ఆ దెబ్బను బాగా తగ్గిస్తుంది. ఫంగస్ ఒళ్లంతా పాకుతుంటే డాక్టర్లు రిజెక్షన్ రాకుండా ఇచ్చే మందులను తగ్గిస్తారు, ఒక్కోసారి ఆపేస్తారు కూడా. అప్పుడు కిడ్నీ చేజారినా రోగిని డయాలసిస్ మీద నిలబెట్టవచ్చు. లివర్ మార్పిడి అయినవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. అందువల్ల వాళ్లకు తొలి లక్షణం కనబడిన రోజే మార్పిడి చేసిన ఆసుపత్రికి ఫోన్ వెళ్లాలి.