బుద్ధిమంతుడి గుండె చప్పుడు

ఈ నెల తోకచుక్కల గురించి రాద్దామనుకున్నాను. ఒక పాఠకురాలి ఉత్తరం దాన్ని వచ్చే నెలకు తోసేసింది. ఏడాది దాటిన మనవణ్ని కూతురు పొద్దున్నే క్రెష్‌లో దించి ఆఫీసుకు వెళ్తుందట. వాడు ఏడవడు. సాయంత్రం తల్లి వచ్చి గుమ్మంలో నిలబడినా బొమ్మకారు మీంచి చూపు తిప్పడు. "అందరూ బుద్ధిమంతుడంటున్నారు, నాకే మనసొప్పడం లేదు. ఇది మంచి లక్షణమేనా?" అని ఆ అమ్మమ్మగారి ప్రశ్న. పిల్లల మనస్తత్వ శాస్త్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం సరిగ్గా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

పునాది గబగబా చెప్పేస్తాను. బిడ్డ తల్లిని అంటిపెట్టుకునేది పాల కోసమేనని ఫ్రాయిడ్ శిష్యులూ, వాళ్లకు బద్ధవిరోధులైన ప్రవర్తనవాదులూ ఒకే గొంతుతో అనేవారు. బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ కాదన్నాడు. ఇది ఆకలితో పనిలేని ఏర్పాటు, పసికూనలను ప్రాణాలతో నిలపడానికి పరిణామం అమర్చిపెట్టినది అన్నాడు. ఫ్రిజ్‌లో థర్మోస్టాట్ లాంటిదనుకోండి. లోపల చల్లగా ఉన్నంతసేపూ చప్పుడుండదు, వేడి గీత దాటగానే మోటారు అందుకుంటుంది. భయం, నొప్పి, కొత్త ముఖం ఏది ఎదురైనా బిడ్డ ఏడుస్తాడు, పాకుతాడు, చేతులు చాస్తాడు. అయినవాళ్లు ఎత్తుకోగానే మోటారు ఆగుతుంది, బిడ్డ మళ్లీ ఆటలో పడతాడు. ఇదే అనుబంధ సిద్ధాంతం. మిగతాదంతా దీని మీద కట్టిన మేడ.

ఆ మేడకు కిటికీలు పెట్టింది మేరీ ఎయిన్స్‌వర్త్. 1954, 55లలో ఉగాండా పల్లెల్లో తల్లీబిడ్డలను గమనించింది. తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో 26 కుటుంబాలను ఎంచుకుంది. బిడ్డ పుట్టిన ఏడాదంతా మూడు వారాలకోసారి ఆ ఇళ్లకు వెళ్లి నాలుగేసి గంటలు కూర్చుని రాసుకునేవారు. ఆ ఏడాది చివర పెట్టిన చిన్న పరీక్షే ఈ రంగాన్ని మార్చేసింది. తెలియని గది, కొన్ని బొమ్మలు, ఒక కొత్త మనిషి. ఇరవై నిమిషాల్లో ఎనిమిది ఘట్టాలు. తల్లి రెండుసార్లు బయటికి వెళ్తుంది, రెండుసార్లు తిరిగొస్తుంది.

చాలామంది తల్లి వెళ్లినప్పుడు బిడ్డ ఎంత ఏడ్చాడా అని చూస్తారు. ఎయిన్స్‌వర్త్ చూసింది తల్లి తిరిగొచ్చిన క్షణాన్ని. ఎక్కువమంది పిల్లలు పరుగున పోయి తల్లిని కరుచుకుని, కాసేపట్లో తేరుకుని బొమ్మల దగ్గరికి పోయారు. వాళ్లు బి గుంపు. కొందరు ఎత్తుకోమని ఏడ్చి, ఎత్తుకుంటే తన్ని, ఎంతకూ సముదాయింపుకు లొంగలేదు. వాళ్లు సి గుంపు. ఎ గుంపువాళ్లు మాత్రం తల్లి వెళ్తే పెద్దగా పట్టించుకోలేదు, వస్తే ముఖం తిప్పుకున్నారు, బొమ్మలతో ఆడుతూనే ఉన్నారు. పైకి చూస్తే అందరికంటే ధైర్యవంతులు వీళ్లే.

ఇలాంటి నిమ్మళాన్ని తప్పుగా చదవడం డాక్టర్లకు అలవాటే. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే సామాజిక కార్యకర్త లండన్ ఆస్పత్రిలో ఎనిమిది రోజులున్న రెండేళ్ల పాప మీద ఒక సినిమా తీశాడు. తల్లిదండ్రులను ఎప్పుడో తప్ప వార్డులోకి రానివ్వని రోజులవి. మొదట్లో ఏడ్చిన పిల్లలు తర్వాత గొడవ చేయకుండా ఉంటే 'అలవాటు పడ్డారు' అని సిబ్బంది సంతోషించేవారు. అది అలవాటు కాదు, ఆశ వదులుకోవడం అన్నాడు రాబర్ట్‌సన్. సినిమా చూసిన వైద్యులు ఆస్పత్రుల పరువు తీశాడని అతని మీద మండిపడ్డారు. తల్లిదండ్రులను స్వేచ్ఛగా రానివ్వాలని అక్కడి ప్రభుత్వ కమిటీ సిఫారసు చేసేసరికి 1959 వచ్చింది.

ఎ గుంపు గుట్టు విప్పింది మిన్నెసోటాలో అలన్ స్రూఫ్, ఎవరెట్ వాటర్స్. 1977లో ప్రచురించిన పనిలో వాళ్లు ఈ పిల్లల గుండె వేగాన్ని కొలిచారు. తల్లి వెళ్లగానే ఎ గుంపు గుండెలు కూడా దడదడలాడాయి. పైగా తల్లి తిరిగొచ్చాక కూడా చాలాసేపు ఆ వేగం తగ్గలేదు. ఇంకో చిత్రం చూడండి. మనం దేన్నైనా నిజంగా మనసుపెట్టి చూస్తే గుండె వేగం కాస్త తగ్గుతుంది. బొమ్మ మీద వంగి ఉన్న ఈ పిల్లల్లో ఆ తగ్గుదల కనిపించలేదు. అంటే చేతులు ఆడుతున్నాయి, మనసు ఆటలో లేదు! 1993లో జర్మన్ పరిశోధకులు ష్పాంగ్లర్, గ్రాస్‌మన్ లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనును కొలిచి ఈ కథకు మరో సాక్ష్యం తెచ్చారు. తర్వాతివాళ్ల కార్టిసాల్ లెక్కలు అన్నిచోట్లా ఇంత ముచ్చటగా కుదరలేదు. అయినా మోటారు తిరుగుతూనే ఉందని, చప్పుడు మాత్రమే నొక్కేశారని తేలిపోయింది.

ఎందుకు నొక్కేశారు? జవాబు ఎయిన్స్‌వర్త్ నోటు పుస్తకాల్లోనే ఉంది. గదిలో ఏడవని ఈ పిల్లలు ఇంట్లో బి గుంపు పిల్లలకంటే ఎక్కువ ఏడ్చేవారు. వీళ్ల తల్లులకు బిడ్డ ఒంటికి అతుక్కోవడం అంతగా గిట్టేది కాదు. అడగందే అమ్మైనా పెట్టదంటాం. ఈ బిడ్డల అనుభవం దానికి తలకిందులు: గట్టిగా అడిగితే అమ్మ ఇంకా దూరం జరుగుతుంది. కాబట్టి అడగకుండా, కనుచూపు మేరలో ఉండిపోవడమే అమ్మకు దగ్గరగా ఉండే దారి. ముఖం తిప్పుకోవడం కూడా అనుబంధం కోసమేనని ఎయిన్స్‌వర్త్ శిష్యురాలు మేరీ మెయిన్ తేల్చింది. ఏడాది నిండని బిడ్డ వేసుకున్న లెక్క ఇది. నాకైతే ఎన్నిసార్లు చదివినా ఒళ్లు గగుర్పొడుస్తుంది.

పిల్లలను ముద్దు చేయొద్దు, పొద్దున్నే కరచాలనం చేస్తే చాలని 1928లో పుస్తకం రాసిన జాన్ వాట్సన్ ఇలాంటి బిడ్డను చూస్తే చంకలు గుద్దుకునేవాడేమో.

అమ్మమ్మగారూ, దీన్ని బట్టి మీ మనవడు ఎ గుంపు అనుకుని బెంగపడకండి. రోజూ వెళ్లే క్రెష్ వాడికి కొత్తచోటు కాదు. కొందరు పిల్లలకు ఆటలోంచి బయటపడటానికే కాస్త సమయం పడుతుంది. అమెరికాలో 1,000 మందికి పైగా పిల్లలను గమనించిన అధ్యయనంలో క్రెష్ ఒక్కటే అనుబంధాన్ని చెడగొట్టినట్టు తేలలేదు. తల్లి బిడ్డకు ఎలా స్పందిస్తుందన్నదే ఎక్కువ లెక్కలోకి వచ్చింది. ఉత్తర జర్మనీలోని బీలెఫెల్డ్‌లో దాదాపు సగం మంది పిల్లలు ఎ గుంపులో పడ్డారు. వాళ్లంతా రోగులు కారు కదా.

చికిత్స సంగతికొస్తే నాకు చిరాకు మొదలవుతుంది. ఈ గుంపులు పరిశోధనకు పనికొచ్చే కొలతలే గాని రోగ నిర్ధారణలు కావు. వైద్యులు గుర్తించే అనుబంధ రుగ్మత వేరు. అనాథాశ్రమాల్లోనో మరోచోటో ఆలనాపాలనా బొత్తిగా కరువైన పిల్లలకు వచ్చేది అది. ఈ తేడా చెరిపేసిన కొందరు అమెరికాలో 'అటాచ్‌మెంట్ థెరపీ' పేరుతో పిల్లలను బలవంతంగా అదిమి పట్టుకోవడం మొదలెట్టారు. 2000లో కొలరాడోలో పదేళ్ల పాపను దుప్పటిలో చుట్టి పైనుంచి నొక్కితే ఊపిరాడక చనిపోయింది. బౌల్బీ రాసినదాంట్లో దీనికి ఆధారం చూపమనండి, చూపలేరు.

సిద్ధాంతాన్ని సరిగ్గా చదివింది డెలవేర్ విశ్వవిద్యాలయంలో మేరీ డోజియర్. ఇల్లు మారి పెంపుడు తల్లుల దగ్గరికొచ్చిన పసివాళ్లు దెబ్బ తగిలినా దగ్గరికి రారు, ఎత్తుకోబోతే తోసేస్తారు. 'వీడికి నా అవసరం లేదు' అని ఆ తల్లి కూడా వెనక్కి తగ్గుతుంది. డోజియర్ బృందం పదిసార్లు ఇంటికే వెళ్లి, బిడ్డ అడగకపోయినా దగ్గరికి తీసుకోవడం నేర్పుతుంది. పాఠం చెప్పరు, తల్లి సరిగ్గా చేసిన క్షణంలోనే 'అదిగో, ఇప్పుడు వాణ్ని దగ్గరికి తీసుకున్నారు' అని గుర్తుచేస్తారు. ఈ పిల్లల రోజువారీ కార్టిసాల్ తీరు మామూలు పిల్లల తీరుకు దగ్గరపడింది. 2003లో డచ్ పరిశోధకులు ఇలాంటి చికిత్సలన్నీ జల్లెడ పట్టి, దీర్ఘకాలం సాగేవాటికంటే, తల్లి స్పందన ఒక్కదాని మీదే గురిపెట్టిన పొట్టివే బాగా పనిచేస్తున్నాయని తేల్చారు. నెలల తరబడి కౌన్సెలింగ్ ఫీజు కడుతున్నవాళ్లు ఈ మాట ఒకసారి తమ డాక్టరుగారి చెవిన వేయొచ్చు.