ఏడాది కారం ఎర్రగానే ఉండాలంటే

రైలు పెట్టెల కర్మాగారం ఉన్న ఊరు లిలువా. కోల్‌కతాకు హుగ్లీ నది అవతల, హౌరాను ఆనుకుని ఉంటుంది. ఎండాకాలంలో గుంటూరులో పట్టించిన కారం అక్కడి వంటింటికి చేరితే, దానికి అసలు పరీక్ష జూన్ వానలతో మొదలవుతుంది. డబ్బా మూత సరిగా పెట్టకపోతే కొద్ది వారాల్లోనే కారం ఉండలు కడుతుంది, ముక్కిన వాసన వస్తుంది.

కారణం గాలిలోని తేమ. వానాకాలంలో అక్కడ సాపేక్ష ఆర్ద్రత తరచుగా 80 శాతం దాటుతుంది. కారప్పొడి ఆ తేమను పీల్చుకుంటుంది. మన ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం ఎండుమిర్చిలోనైనా, కారంలోనైనా తేమ 11 శాతం మించకూడదు. తేమ ఇంకా పెరిగితే బూజు పడుతుంది. వీటిలో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు అఫ్లాటాక్సిన్‌ను తయారుచేయగలదు. కాలేయ క్యాన్సర్‌కు దారితీసే ఈ విషం మామూలు వంట వేడికి పూర్తిగా పోదు. అందుకే బూజు పట్టిన కారాన్ని ఎండబెట్టి మళ్లీ వాడకూడదు, పారేయాలి.

నిల్వ కోసం కారంలో ఉప్పు కలపడం చాలా ఇళ్లలో అలవాటు. కానీ ఆర్ద్రత సుమారు 75 శాతం దాటితే ఉప్పే గాలిలోని నీటిని లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. తేమ ఎక్కువగా ఉండే ఊళ్లలో ఉప్పు కలిపిన కారానికి బిగుతు మూత మరీ అవసరం.

ఇక రంగు సంగతి. మిరపకు ఎరుపునిచ్చేది ప్రధానంగా క్యాప్సాంథిన్. ఆక్సిజన్, వెలుతురు తగిలితే ఇది విచ్ఛిన్నమవుతుంది. ఘాటునిచ్చే క్యాప్సైసిన్ అంతకంటే గట్టిది. వెలిసిన కారం కూడా నాలుక మండించడం అందుకే. ఒక మిల్లీమీటరు ఘనాన్ని 0.1 మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే మొత్తం ఉపరితలం 10 రెట్లవుతుంది. అంటే పొడి చేసిన కొద్దీ గాలి తగిలే చోటు పెరుగుతుంది. ధనియాలు, లవంగాలు, యాలకుల పొడులు త్వరగా వాసన కోల్పోవడానికీ ఇదే కారణం.

చల్లదనం ఈ మార్పులను నెమ్మదింపజేస్తుంది. చాలా రసాయన చర్యల వేగం ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే దాదాపు సగానికి పడిపోతుంది. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల అన్ని శీతల గిడ్డంగులు వెలిసింది ఇందుకే. అక్కడ నెలల తరబడి నిల్వ ఉన్నా కాయ రంగు నిలుస్తుంది, పురుగు పట్టదు.

ఇంట్లో ఫ్రిజ్ కూడా ఆ పని చేస్తుంది, కానీ ఒక చిక్కుంది. వానాకాలపు గాలిలో 25 డిగ్రీల వద్దే మంచు బిందువులు ఏర్పడవచ్చు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను వెంటనే తెరిస్తే ఆ నీరు నేరుగా కారంలోకి చేరుతుంది. సీసా గది వేడికి వచ్చాకే మూత తీయాలి.

ఏడాది సరుకును చిన్న చిన్న గాలి చొరని సీసాల్లో నిండుగా సర్ది, ఒక్కటి మాత్రమే బయట ఉంచుకోవడం మేలు. ఆ ఒక్కదాన్నీ పొయ్యికి దూరంగా, చీకటి అరలో పెట్టాలి. ఉడుకుతున్న కూర మీద సీసా వంచకుండా, పొడి చెంచాతో తీసుకోవాలి. ఆవిరి ఒక్కసారి లోపలికి వెళ్తే బయటికి రాదు. వీలైతే మిర్చిని కాయగానే దాచి, కావలసినప్పుడు కొంచెం కొంచెంగా పట్టించుకోవాలి.