సెల్లుఫోనులో రైతు గుట్టు: బ్రౌజరును, వెదకు సాధనమును ఎన్నుకొను విధము

గుట్టు కాపాడుకొనుట రైతునకు క్రొత్త విద్య కాదు. పశువుల సంతలో బేరగాండ్రు తువాలు క్రింద వ్రేళ్ళు పట్టుకొని వెల తేల్చుకొనుట మనమెరిగినదే. ధాన్యము అమ్మబోవు రైతు తన అప్పు గడువెప్పుడో, ఇంట పెండ్లి యెన్నడో వర్తకునితో చెప్పడు; చెప్పెనా, ధర తగ్గును. అవసరము బయటపడినవాడు బేరములో సగము ఓడినవాడే. ఇంత జాగరూకత గల మనము, సెల్లుఫోనుతో మాత్రము ఇంటి సంగతులన్నియు చెప్పుకొనుచున్నాము. ఆ మాటలు ఎవరికి చేరుచున్నవో, దానిని తగ్గించుకొను ఉపాయమేమో సభ్యుల తెలివిడికై ఇందు వ్రాయుచున్నాము.

సమాచారము చేరు విధము

ఇంటర్నెట్టులోని పుటలను తెరచి చూపు సాధనమును బ్రౌజరనియు, కావలసిన విషయమును వెదకిపెట్టు సాధనమును సెర్చి ఇంజననియు అందురు. ఒక పుటను తెరచినప్పుడు, ఆ పుటవారు మన ఫోనులో కుకీ అను చిన్న గురుతును వ్రాసిపెట్టుదురు. 1994వ సంవత్సరమున నెట్‌స్కేప్ సంస్థలో పనిచేయుచుండిన లూ మాంటుల్లి దీనిని కల్పించెను. వచ్చినవాడు మరల వచ్చినప్పుడు ఆనవాలు పట్టుటకే అది పుట్టినది; అందు దోషము లేదు.

చిక్కు వచ్చినది ప్రకటనల కంపెనీలవలన. ఒక రైతు ఉదయము పత్తిలో గులాబిరంగు పురుగునకు మందును గూర్చియు, మధ్యాహ్నము బంగారముపై అప్పును గూర్చియు, రాత్రి మోకాటి నొప్పిని గూర్చియు మూడు వేర్వేరు పుటలను చదివెననుకొనుడు. ఆ మూడు పుటలలోను ఒకే ప్రకటనల కంపెనీవారి గురుతు ఉన్నయెడల, ఆ ముగ్గురును ఒక్కడే యని ఆ కంపెనీకి తెలిసిపోవును. పంట దెబ్బతిన్నది, డబ్బు కావలెను, ఆరోగ్యము బాగులేదు అను మూడు సంగతులు ఒకచోట చేరును. మరునాటినుండి ఆతని ఫోనులో అప్పుల ప్రకటనలు కనబడిన ఆశ్చర్యపడ నక్కరలేదు.

ఇన్ని సౌకర్యములు ఉచితముగా నేల ఇచ్చుచున్నారని అడుగవచ్చును. గూగుల్ కంపెనీ ఆదాయములో అధికభాగము ప్రకటనలవలన వచ్చునదే. మనలను గూర్చి యెంత తెలిసిన, ప్రకటన కంత వెల. షరతులు చదువకయే మనము సమ్మతించుటచే ఇది సాగుచున్నది.

బ్రౌజరు

మన ఫోనులలో సాధారణముగా ముందే యుండునది గూగుల్ వారి క్రోమ్. ఇతరుల కుకీలను తొలగింతుమని ఆ కంపెనీ 2020లో ప్రకటించి, 2024 జూలైలో ఆ సంకల్పమును విరమించుకొనెను. కావున మార్పు మనమే చేసికొనవలెను.

మొజిల్లా అను లాభాపేక్షలేని సంస్థకు చెందిన ఫైర్‌ఫాక్స్ ఇందుకు తగినది. అనేక పుటలలో మనలను వెంబడించు గురుతులను అది 2019 నుండి తనంతటనే అడ్డుచున్నది. దానిని తెలుగులో వాడుకొనవచ్చును. యుబ్లాక్ ఆరిజిన్ అను ఉచితపు అనుబంధమును దానికి చేర్చినయెడల ప్రకటనలు చాలవరకు ఆగును. డేటా ఖర్చును తగ్గును. అయితే మొజిల్లా ఆదాయములో పెద్దభాగము, తన బ్రౌజరులో గూగుల్ వెదకుటను ముందుంచినందులకు గూగుల్ ఇచ్చునదే యని కూడ ఎరుగవలెను. ఆ యేర్పాటును మార్చుకొను వీలు ఫైర్‌ఫాక్స్ సెట్టింగులలో నున్నది.

బ్రేవ్ అను మరియొక బ్రౌజరు కూడ ప్రకటనలను, వెంబడించు గురుతులను తనంతటనే ఆపును. ఐఫోను గలవారికి దానితో వచ్చు సఫారీ చాలును. 2020 మార్చి నుండి అది ఇతరుల కుకీలను పూర్తిగా నిలిపివేయుచున్నది.

క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో అను కిటికీ యొకటి కలదు. దానిలో చూచినది ఎవరికిని తెలియదని పలువురు భ్రమపడుచున్నారు. అది మన ఫోనులో చరిత్రను మిగుల్చదు. అనగా ఇంటివారికి కనబడదు. పుటలవారికిని, ఇంటర్నెట్టు ఇచ్చు కంపెనీకిని కనబడకపోదు. ఈ విషయమై అమెరికాలో 2020లో గూగుల్‌పై దావా పడగా, 2024లో రాజీ కుదిరి, వందలకోట్ల చిట్టాలను తుడిచివేయుటకు ఆ కంపెనీ ఒప్పుకొనెను.

సెర్చి ఇంజను

డక్‌డక్‌గో అనునది 2008లో అమెరికాలో ప్రారంభమైనది. ఎవరేమి వెదకిరో వ్యక్తివారీగా చిట్టా వ్రాయమనునది దాని నియమము. దానిలోను ప్రకటనలున్నవి, కాని అవి అప్పుడు వెదకిన మాటనుబట్టి వచ్చునవే. ఎరువు అని వెదకిన ఎరువు ప్రకటన వచ్చును. నిన్న చూచిన వైద్యుని సంగతి దానికి పట్టదు. నెదర్లాండ్సులోని స్టార్ట్‌పేజి మనకు బదులుగా తానే గూగుల్‌ను అడిగి, మన ఆనవాలు తెలుపక ఫలితములు తెచ్చి యిచ్చును. తెలుగులో వెదకునప్పుడు డక్‌డక్‌గో ఫలితములు తృప్తికరముగా లేనియెడల, దీనిని ప్రయత్నింపవచ్చును.

పేరుచూచి గ్రుడ్డిగా నమ్మరాదు. డక్‌డక్‌గో వారి బ్రౌజరు, ఒక ఒప్పందమువలన, మైక్రోసాఫ్టు వారి గురుతులు కొన్నింటిని అడ్డకుండుట 2022లో బయటపడెను. ఆక్షేపణలు రాగా అదే సంవత్సరము ఆగస్టులో సవరించుకొనిరి. ఏ కంపెనీనైనను, వారి ఆదాయ మెక్కడిదని అడిగి చూచుట మంచి పరీక్ష.

సందేశములు

వాట్సాప్‌లో వ్రాసిన మాటలు 2016 నుండి, పంపినవారును అందుకొన్నవారును తప్ప ఇతరులు చదువలేని విధముగా ముద్రవేయబడి పోవుచున్నవి. కాని ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడిరను సంగతి కంపెనీకి తెలియును. లాభాపేక్షలేని సంస్థ నడుపు సిగ్నల్ ఆ వివరములను కూడ బహు కొద్దిగా నుంచుకొనును. ఎందులోనైనను, పట్టాదారు పాసుపుస్తకము, ఆధార్ కార్డు నకళ్ళను గుంపులలో వేయరాదు.

అప్పు యాపులు

అన్నిటికంటె అపాయకరమైనవి, నిమిషములలో అప్పిత్తుమను యాపులు. వీనిలో పెక్కు ఫోనులోని పేర్ల పట్టికను, ఛాయాచిత్రములను మొదటనే అడిగి తీసికొని, వాయిదా తప్పినతోడనే బంధువులకు, స్నేహితులకు ఫోను చేసి పరువు తీసినవి. తెలంగాణమున ఆ వేధింపులకు తాళలేక ప్రాణములు విడిచినవారు కలరు. 2020 డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కేసులు పెట్టి పలువురిని నిర్బంధించిరి. అప్పిచ్చు యాపు పేర్ల పట్టికను, కాల్ చిట్టాను, చిత్రములను చూడరాదనియు, అప్పు సొమ్మును నేరుగా ఋణగ్రహీత బ్యాంకు ఖాతాలోనే వేయవలెననియు రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో శాసించెను. కావున పేర్ల పట్టిక నడిగిన అప్పు యాపును అక్కడనే తీసివేయవలెను. పీ.ఎం. కిసాన్ పేరిట వాట్సాప్‌లో వచ్చు ఏ.పీ.కే. దస్త్రమును గూడ తెరువరాదు. మోసపోయినవారు వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా చేసిన సొమ్ము నిలుచుట కంత అవకాశము.

నేడే చేయదగిన పనులు

1. ఫైర్‌ఫాక్స్ గాని బ్రేవ్ గాని పెట్టుకొని, దానిలో సెర్చి ఇంజనును మార్చుకొనుడు.
2. ఫోను సెట్టింగులలో అనుమతుల పట్టిక తెరచి, టార్చిలైటు, పంచాంగము వంటి యాపులకు పేర్ల పట్టికతోను, మైకుతోను పనిలేదు గనుక ఆ అనుమతులను తీసివేయుడు.
3. గూగుల్ ఖాతాలో వెదకిన చరిత్ర 3 మాసములకొకమారు దానంతటదే చెరిగిపోవునట్లు ఏర్పాటున్నది, దానిని ఎన్నుకొనుడు.
4. ఆండ్రాయిడు ఫోనులో ప్రకటనల గురుతుసంఖ్యను తొలగించు వీలున్నయెడల తొలగింపుడు.
5. ప్రభుత్వ పథకముల పుటను తెరచునప్పుడు చిరునామా గవ్ డాట్ ఇన్ అని ముగియుచున్నదో లేదో చూడుడు. తాళపుగుర్తు ఉన్నంతమాత్రమున పుట నిజమైనది కాదు. మధ్యదారిలో ఎవరును చదువలేరనియే దాని యర్థము.

ఇవన్నియు చేసినను గుట్టు సంపూర్ణముగా దాగదు. ఫోను ఏ టవరు క్రింద నున్నదో కంపెనీకి తెలియును; బ్యాంకునకు, రిజిస్ట్రారునకు ఈయవలసిన వివరములు ఈయకతప్పదు. చేనికి కంచె వేసినందున పక్షులు రాకపోవు. అయినను పశువుల మంద రాదు గదా. అంతమాత్రము మేలే.

చట్టము, సంఘము

ఆంతరంగికత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మండ్రు న్యాయమూర్తుల ధర్మాసనము, పుట్టస్వామి వ్యాజ్యములో, 2017 ఆగస్టు 24వ తేదీన తీర్పుచెప్పెను. 2023లో వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టము వచ్చినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. మన సమ్మతి అడుగు కాగితమును తెలుగులో చదువుకొను వీలు కల్పింపవలెనని అందున్నది. ముఖ్యమైన నిబంధనల అమలునకు 18 మాసముల గడువీయబడినది.

ఈ బాధ్యత మన సంఘములకును కలదు. ప్రాథమిక సంఘములు 63,000 వరకు కంప్యూటరీకరింప బడవలెనని కేంద్రప్రభుత్వము 2022 జూనులో నిశ్చయించెను. చిట్టాపుస్తకము బీరువాలో నున్నప్పుడు తాళపుచెవి ఒకనియొద్ద నుండెడిది. కంప్యూటరులోనికి ఎక్కిన పిమ్మట తాళపుచెవు లెన్నియో, ఎవరియొద్ద నున్నవో పాలకవర్గము విచారించుకొనవలెను. బాకీదారుల జాబితాను వాట్సాప్ గుంపులో వేయు సంఘమునకును, పేర్ల పట్టికను పట్టుకొని పరువుతీయు యాపునకును భేద మల్పము. 1904వ సంవత్సరపు చట్టముతో ఈ పరపతి సంఘములు పుట్టినది, అవసరములో నున్న రైతు ఇతరుల చేతిలో చిక్కకుండుటకే. వచ్చు నెల సభలో ఈ విషయమును చర్చకు తెచ్చి, ఫోనును చక్కగా ఎరిగిన యువకులచే సభ్యులందరి ఫోనులను ఒకమారు సరిచూపించుట యుక్తము.