జ్ఞానులు ముగ్గురేనా?

పల్లెల్లో క్రిస్మస్ నాటకమంటే కిరీటాలు ధరించిన ముగ్గురు రాజులు పశువుల పాకకు రావలసిందే. మత్తయి సువార్త 2వ అధ్యాయంలో వారు తూర్పుదేశపు జ్ఞానులు మాత్రమే. రాజులని గాని, ముగ్గురని గాని అందులో లేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అనే కానుకలు మూడు. వారు వచ్చినది ఇంటికి. పశువుల తొట్టిలోని శిశువును గొర్రెల కాపరులు చూసిన వృత్తాంతం లూకా 2వ అధ్యాయంలోనిది.

అమెరికా రచయిత లూ వాలెస్ 1880లో వెలువరించిన 'బెన్‌హర్' నవలలోనూ జ్ఞానులు ముగ్గురే. వారిలో ఒకరు భారతీయుడు! ఇది రచయిత కల్పన. కల్పన కథకు అందం. గ్రంథం చదవాలన్న ఆసక్తి పుట్టిస్తే మరీ మేలు. అయితే కల్పననే వాక్యమని నమ్మిన పిల్లలు, పెద్దయ్యాక గ్రంథంలో అది కనబడకపోతే అసలు వాక్యాన్నే శంకించవచ్చు. నాటకానికి ముందు ఆ రెండు అధ్యాయాలూ సభలో చదివిస్తే ఈ చిక్కు తీరుతుంది.